అనంతపురం వాతావరణం: 550 మిల్లీమీటర్ల సగటును నమ్మి మెట్ట భూమి కొనవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కోనసీమలో పుట్టి పెరిగిన మీరు కల్యాణదుర్గం దగ్గర ఐదెకరాల ఎర్రనేల చూశారు. అమ్మేవారు "ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, బోరు కూడా ఉంది" అంటున్నారు. ఆ వాన ఏ నెలల్లో పడుతుంది, దాన్ని నమ్ముకుని సేద్యం చేయవచ్చా, పెద్ద వయసు తల్లిగారితో అక్కడ కాపురం ఉండడానికి ఎండలు ఓర్చుకోదగినవేనా అన్నవి మీ సందేహాలు. ఉద్యోగ జీవితమంతా ఈ జిల్లా మెట్ట రైతుల మధ్యే గడిపినవాడిని గనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటి సమాధానం. 550 అన్న అంకె నిజమే. దాని మీద ఆధారపడి మాత్రం పంట వేయలేరు. ఇక్కడ కరువు వానాకాలం అయిపోయాక వచ్చేది కాదు, వానాకాలం నడుమనే వస్తుంది. మొత్తం వాన సగటుకు దగ్గరగా ఉన్న ఏడాదిలో కూడా జూలై, ఆగస్టుల్లో మూడు నాలుగు వారాలు చినుకు లేక పంట మాడిపోయి, సెప్టెంబరు చివరలో చెరువులు అలుగు పారిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఎంత వాన పడుతుంది అనే ప్రశ్నను పక్కన పెట్టి, రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం ఉంటుంది, ఆ ఎడాన్ని మీ నేల ఎంతవరకు ఓర్చుకుంటుంది అని అడగడం మొదలుపెట్టండి. ఐదెకరాలూ వానమీదే ఆధారపడి ఏటా ఆదాయం కావాలనుకుంటే కొనవద్దు. పడిన వానను పొలంలోనే ఆపుకునే ఏర్పాటు చేసుకుని, కొన్ని ఏళ్లు పంట పోయినా తట్టుకోగల స్థితి ఉంటే కొనవచ్చు.

ఇప్పుడు కారణాలు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు (2022 ఏప్రిల్‌లో ఇందులోంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది) చాలాకాలంగా చెప్పుకునే సగటు వర్షపాతం 553 మిల్లీమీటర్లు. ఇందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల పడేది 338, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల పడేది 156, మిగిలినది ఎక్కువగా వేసవి జల్లులు. మీ గోదావరి డెల్టాలో పడేదానిలో ఇది దాదాపు సగం. ఇక్కడి ఎండకూ గాలికీ నేలనుంచీ మొక్కనుంచీ ఆవిరి కాగల నీరు ఏడాదికి ఈ వర్షపాతానికి మూడు రెట్ల పైమాటే. అందుచేత మీ ఊళ్లో పడిన 20 మిల్లీమీటర్ల వానకూ ఇక్కడ పడిన 20 మిల్లీమీటర్ల వానకూ విలువ ఒకటి కాదు.

ఇంత తక్కువ వాన ఎందుకంటే ఈ జిల్లా రెండు సముద్రాలకూ దూరం. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలులు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తమ తేమలో చాలా భాగాన్ని అక్కడ కురిపించేస్తాయి. కనుమల మీద ఉన్న ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల పైన వాన పడితే, అక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న రాయదుర్గం వైపు అందులో పదో వంతు కూడా పడదు. కనుమలు దాటి కిందికి దిగిన గాలి వేడెక్కి పొడిబారుతుంది. అందుకే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా పడమటి నుంచి మబ్బులు గుంపులు గుంపులుగా పరుగెడుతూనే ఉంటాయి, నీడ పడుతుంది, చల్లగాలి వీస్తుంది, వాన మాత్రం రాదు. ఉంటే గింటే నేల పైపొర తడిసే తుంపర. కొత్తగా వచ్చినవారు ఆ ఆకాశాన్ని చూసి రేపో మాపో వాన ఖాయమనుకుంటారు. ఊరివారు తలెత్తి కూడా చూడరు. ఇక ఈశాన్య రుతుపవనాల సంగతి. బంగాళాఖాతం నుంచి వచ్చే గాలి నెల్లూరు తీరం దాటి, వెలికొండలు, పాలకొండలు, నల్లమల కొనలు దాటి ఇక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. తుఫానో వాయుగుండమో లోపలికి వస్తే తప్ప పెద్ద వాన ఉండదు.

జూలైలో ఉత్తర కోస్తాకూ ఒడిశాకూ భారీ వానలు తెచ్చే అల్పపీడనాలు ఇక్కడికి పెద్దగా మేలు చేయవు. అవి వాయవ్యంగా మధ్య భారతం వైపు సాగిపోతూ గాలినంతా అటే లాక్కుంటాయి. మధ్య భారతంలో రుతుపవనాలకు విరామం వచ్చి అక్కడి రైతులు ఆకాశం వైపు చూస్తున్న రోజుల్లోనే రాయలసీమలో సాయంకాలపు ఉరుముల వానలు పెరగడం కద్దు. టీవీలో "దేశమంతటా రుతుపవనాలు చురుకుగా ఉన్నాయి" అన్న వార్త విని ఇక్కడ విత్తనం కొనడం అందుకే సరికాదు.

కార్తెల వారీగా (రైతులు వానలను లెక్కపెట్టుకునే రెండేసి వారాల కాలాల వారీగా) చెబితే ఏడాది నడక మీకు ఇంకా తేటగా తెలుస్తుంది. ఊళ్లో ఎవరితో మాట్లాడినా నెలల పేర్లకంటే ఇవే వినిపిస్తాయి కూడా.

మే నెలలో, రోహిణి కార్తెకు ముందూ కార్తెలోనూ, సాయంత్రం పూట ఈదురుగాలితో ఉరుముల వానలు రెండు మూడు పడతాయి. ఇవి దుక్కికి పనికివచ్చే వానలు. వేసవి దుక్కి చేసి నేల తెరిచి ఉంచినవాడికి ఈ నీరు లోపలికి ఇంకుతుంది, లేనివాడికి పైపైనే జారి వంకలో కలుస్తుంది. అరటి, బొప్పాయి తోటలను పడగొట్టేది కూడా ఈ గాలివానలే, అప్పుడప్పుడు వడగళ్లతో సహా. వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతూ కనిపించేది ఈ తొలి వానల తర్వాతే. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేలుస్తుంది. ఎవరికి దొరుకుతాయో ఏమో గానీ ఆ పొలం గలవారికి తొక్కుడు మాత్రం తప్పదు.

జూన్‌లో మృగశిర, ఆరుద్ర. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని సామెత ఉంది గానీ, ఈ జిల్లాలో జూన్ వానను చూసి తొందరపడి వేసిన వేరుశనగ చాలాసార్లు జూలై బెట్టకు, అంటే వానల నడుమ వచ్చే ఎండు రోజులకు, చిక్కింది. రేకులకుంటలోని వ్యవసాయ పరిశోధన స్థానం సిఫారసు కూడా జూలై నెలలో, నేల లోతుగా తడిసే వాన పడ్డాకే విత్తమని. దాని వెనుక లెక్క ఇది. వేరుశనగ సుమారు 110 రోజుల పంట. విత్తిన నెలకు పూత, నలభై నలభైఅయిదు రోజులకు ఊడలు (పూత తర్వాత వచ్చి, కొసన కాయ కట్టే కాడలు) నేలలోకి దిగడం, ఆ తర్వాత కాయ ఊరడం. జూలైలో విత్తితే ఊడ దిగే దశ ఆగస్టు చివరకూ, కాయ ఊరే దశ సెప్టెంబరుకూ వస్తుంది. సెప్టెంబరే ఈ జిల్లాలో ఎక్కువ వాన పడే నెల, దాని తర్వాతి స్థానం అక్టోబరుది. పంటకు అత్యవసరమైన దశను అత్యధికంగా వాన పడే నెలకు జతచేయడమే ఇందులోని కిటుకు. జూలై దాటిపోతే వేరుశనగ మీద ఆశ వదులుకుని కొర్ర, సజ్జ, జొన్న, చివరికి ఉలవ వేసుకోవాలి. ఉలవ ఆగస్టు చివర వేసినా ఎంతో కొంత గింజ, కనీసం పశువులకు మేత ఇస్తుంది.

ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా మఖ, పుబ్బ. "మఖా పుబ్బలు వరుపైతే మహా ఎత్తైన కాటకం" అని పెద్దలు అన్నది ఊరికే కాదు. ఊడ దిగే సమయంలో పైన రెండు అంగుళాల మట్టి గట్టిపడితే ఊడ నేలలోకి దూరలేక గాలిలోనే ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కాయ ఉండదు. 2023 ఆగస్టు గుర్తుందా? దేశం మొత్తానికి 1901 నుంచి లెక్కలు ఉన్నంతలో అతి పొడి ఆగస్టు అదే. ఆ నెలలో నేను చూసిన పొలాల్లో మధ్యాహ్నం పదకొండుకే ఆకులు రెండు రెండుగా ముడుచుకుని నిలబడ్డాయి. ముడుచుకోవడం దానికదే ప్రమాదం కాదు, అది మొక్క తన నీటిని కాపాడుకునే పద్ధతి. సాయంత్రానికి విచ్చుకుంటే ఫరవాలేదు. తెల్లవారి ఆరు గంటలకు వెళ్లి చూసినా ముడుచుకునే ఉంటే ఆ మొక్క వేళ్లకు అందే నీరు అయిపోయినట్లే. ఇక మూడు నాలుగు రోజుల్లో తడి ఇవ్వకపోతే దిగుబడి మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. మీరు కొనబోయే పొలం పక్కన వేరుశనగ ఉంటే ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు.

సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె వస్తుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప" అన్న సామెత ఈ సీమ వాతావరణ చరిత్రంతా రెండు ముక్కల్లో చెబుతుంది. ఉత్తరకు కూడా వాన లేకపోతే ఆ ఏడు పంట లేదని తేలిపోయేది, కుటుంబాలు గంప నెత్తికెత్తుకునేవి. ఇప్పటికీ అలాంటి ఏడాది బెంగళూరు బస్సులు నిండుతాయి. ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో పడమటి గాలి నెమ్మదిస్తుంది, పగలంతా ఉక్కబోసి సాయంత్రానికో రాత్రికో ఉరుములతో గట్టి వాన పడుతుంది. ఈ వానలకు చోటు నియమం లేదు. రోడ్డుకు ఒక పక్క 40 మిల్లీమీటర్లు పడితే ఇంకో పక్క దుమ్ము లేస్తూ ఉంటుంది. అందుచేత జిల్లా సగటు, చివరికి మండల సగటు కూడా మీ ఐదెకరాల గురించి చెప్పేది కొంతే.

అక్టోబరు, నవంబరు వానలు రెండు వైపులా పదునున్న కత్తి. చెరువులూ భూగర్భజలాలూ నిండేది ప్రధానంగా వీటివల్లనే. పీకి ఆరబెట్టిన వేరుశనగ కట్టె నల్లబడి పశువులు ముట్టకుండా పోయేదీ వీటివల్లనే. 2021 నవంబరులో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటి లోపలికి వచ్చినప్పుడు చిత్రావతి, పెన్న ఉప్పొంగి, కదిరి వైపు ఊళ్లు నీట మునిగాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలోని కాలనీలే మునిగాయి. కరువు జిల్లాలో వరద ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఏడాదికి వాన పడే రోజులు ముప్పై పైచిలుకు మాత్రమే ఉన్నచోట ఒక్క రోజే సగటులో ఐదో వంతు కురిసిపోవడం వింత కాదు. పైగా వంకలు ఏళ్ల తరబడి ఎండి ఉండడంతో వాటిలో ఇళ్లు కట్టేస్తారు.

ఎల్‌నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కే స్థితి, దాని గురించి కూడా ఒక మాట. ఆ మాట వినగానే ఏడాదంతా కరువే అనుకోవడం పొరపాటు. ఎల్‌నినో ఏడాదిలో నైరుతి వానలు తగ్గే అవకాశం ఎక్కువ, ఈశాన్య వానలు మాత్రం తరచు మామూలుగానో ఎక్కువగానో ఉంటాయి. 2015లో నైరుతి దేశమంతటా లోటు పెట్టింది, నవంబరులో దక్షిణాంధ్రనూ రాయలసీమ తూర్పు భాగాలనూ వానలు ముంచెత్తాయి. అలాంటి ఏడు వేరుశనగ పోయినా రబీ శనగకూ, చీనీ (బత్తాయి) తోటకూ, బోరుకూ మేలు జరుగుతుంది.

జిల్లా అంతా ఒకే వాతావరణం కాదు. కదిరి, తనకల్లు వైపు ఈశాన్య వానలు కొంత మెరుగు. పడమటి అంచున రాయదుర్గం, కణేకల్లు, బొమ్మనహాళ్, డి.హీరేహాళ్ మండలాలు మరీ పొడి. వేదవతి, అంటే మనవాళ్లు హగరి అనే నది, ఎండిపోయి ఇసుక మేటలు బయటపడితే, జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలి ఆ ఇసుకను లేపి పొలాల మీద పోస్తుంది. కణేకల్లు దగ్గర ఇసుక దిబ్బలు చూసినవారు ఇది ఆంధ్ర దేశమేనా అనుకుంటారు. దక్షిణాన హిందూపురం, మడకశిర సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్నాయి. అనంతపురం పట్టణం సుమారు 350 మీటర్లే. ఆ ఎత్తు తేడాతో అక్కడ వేసవి మధ్యాహ్నాలు కొన్ని డిగ్రీలు తక్కువ. ఉత్తరాన తాడిపత్రి, గుత్తి నల్లరేగడి ప్రాంతం, వేడి ఎక్కువ, కానీ నేల నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది గనుక సెప్టెంబరు, అక్టోబరు వానల తేమమీదే శనగ పండుతుంది. మీరు చూసిన కల్యాణదుర్గం ఎర్రనేల ఆ పని చేయలేదు. అడుగు, అడుగున్నర కింద గరుసు (రాళ్లతో కూడిన గట్టి మట్టి) తగిలే నేలల్లో మంచి వాన తర్వాత పది పన్నెండు రోజులకే పంట వాడు ముఖం పడుతుంది. ఆ ఎడం మూడు వారాలైతే ఏమవుతుందో పైన రాశాను.

అందుకే వాన నీటిని ఆపుకునే ఏర్పాటు అన్నాను. లెక్క చూడండి. ఎకరంలో 25 మిల్లీమీటర్ల వాన పడిందంటే లక్ష లీటర్ల నీరు పడినట్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు సేద్యపు కుంటలో నిలువు గోడలైతే రెండున్నర లక్షల లీటర్లు పడతాయి. గట్లు వాలుగా తవ్వుతారు గనుక అందులో సగం అనుకోండి. బెట్ట సమయంలో ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి నలభై వేల లీటర్లు చాలు. అంటే కుంట ఒకసారి నిండితే తుంపర పరికరాలతో మూడు ఎకరాలకు ఒక ప్రాణాధార తడి ఇవ్వవచ్చు. ఊడలు దిగే వేళ ఆ ఒక్క తడికి ఉన్న విలువ కోతకు ముందు పడే మూడు వానలకు ఉండదు. ఎర్రనేలలో కుంట తవ్వి వదిలేస్తే నీరు వారంలో ఇంకిపోతుంది. ఆరు పాళ్లు మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి రెండు అంగుళాల మందాన లోపల పూత వేయిస్తే ఇంకుడు బాగా తగ్గుతుంది, ఖర్చు కూడా కాంక్రీటు కంటే చాలా తక్కువ. కుంటను పొలంలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల తవ్వాలన్నది చెప్పనక్కరలేని సంగతి, అయినా సబ్సిడీ కోసం మెరక మీద తవ్విన కుంటలు నేను చాలా చూశాను.

కాలువ నీటి మాట ఎవరైనా చెబితే అది వేరే వాతావరణం మీద ఆధారపడ్డదని గుర్తుంచుకోండి. తుంగభద్ర ఎగువ కాలువకు నీరు వచ్చేది కర్ణాటక మలెనాడులో, అంటే పడమటి కనుమల సీమలో, పడే జూలై వానలవల్ల. హంద్రీ-నీవా ద్వారా జీడిపల్లి జలాశయానికి వచ్చేది శ్రీశైలం వెనుకజలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీరు. ఇక్కడ చినుకు లేని ఏడాది కూడా కాలువ పారవచ్చు. మీ సర్వే నంబరుకు ఆ నీరు అందుతుందా అన్నది నీటిపారుదల కార్యాలయంలోనే కనుక్కోవాలి, అమ్మేవారి మాట మీద కాదు.

ఎండల విషయం. వేడి ఫిబ్రవరి చివరి వారానికే మొదలవుతుంది. ఏప్రిల్, మేలలో పగలు 39 నుంచి 42 డిగ్రీల మధ్య ఉంటుంది. అంకె మీ అమలాపురం కంటే ఎక్కువే, కానీ గాలిలో తేమ తక్కువ గనుక కోస్తాలోలా చెమట కారి ఆయాసం రాదు. రాత్రి తొమ్మిది దాటాక ఆరుబయట మంచం వేసుకుంటే నిద్ర పడుతుంది. పెద్దవారికి ప్రమాదం ఎక్కడంటే, చెమట వెంటనే ఆరిపోతుంది గనుక ఒంట్లో నీరు తగ్గుతున్నట్లు తెలియదు. దాహం వేయకపోయినా మజ్జిగో రాగి అంబలో గంటకోసారి తాగించాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా చల్లగానే ఉంటుంది, అయితే గాలి ఎక్కువ. రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. ఉబ్బసం ఉన్నవారికి ఆ దుమ్ము ఇబ్బంది, కాబట్టి ఇంటికి నైరుతి వైపు పెద్ద కిటికీలు వద్దు, అటు నాలుగు వరుసల వేప, కానుగ పెంచండి. అన్నిటికంటే హాయి నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. రాత్రి ఉష్ణోగ్రత 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని రోజులు ఇంకా దిగుతుంది.

చివరగా పొలం ఎప్పుడు చూడాలన్నది. భూమి బేరాలు ఇక్కడ ఎక్కువగా నవంబరు, జనవరి మధ్య కుదురుతాయి, ఎందుకంటే అప్పుడు గట్లు పచ్చగా ఉంటాయి, బోరు నిండుగా పోస్తుంది. మీరు మాత్రం జూలై చివర ఒకసారి వెళ్లి పక్క రైతుల పంట ఏ స్థితిలో ఉందో చూడండి. సెప్టెంబరు చివర పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో, మట్టి ఎక్కడ కోసుకుపోయిందో చూడండి. ఆ మండలంలో గత ఇరవై ఏళ్ల రోజువారీ వర్షపాతం తహసీల్దారు కార్యాలయంలో గణాంక సహాయాధికారి దగ్గర ఉంటుంది. అందులో సగటు చూడకండి, జూలై పదిహేను నుంచి సెప్టెంబరు పదిహేను దాకా వరుసగా పదిహేను రోజులు వాన లేని సందర్భాలు ఎన్ని ఏళ్లలో ఉన్నాయో పెన్సిలుతో గీతలు పెట్టుకుని లెక్కించండి. ఇరవైలో పది దాటితే, ధర ఎంత తక్కువైనా ఆ పొలంలో వానాధారపు వేరుశనగ ఆలోచన మానుకుని చింత, సీతాఫలం, మామిడి లాంటి చెట్లకు వదిలేయడం మేలు.

బోరు సంగతికి వస్తే, ఇక్కడి గ్రానైటు రాతిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది, ఆ పగుళ్లు నిండేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పడే వానలకే. కొత్త బోరు వేయాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అది అన్ని గ్రామాల్లోనూ దొరకదు. కాబట్టి ఇప్పుడున్న బోరే మీకు ముఖ్యం. మే నెల రెండో పక్షంలో వెళ్లి, ఆ మోటారును ఆపకుండా మూడు గంటలు ఆడించి చూపించమనండి. మొదటి అరగంట నిండుగా పోసి ఆ తర్వాత గాలి కక్కడం మొదలుపెడితే ఆ బోరుకు బేరంలో ధర కట్టకండి.